రిక్రూటర్ ఉద్యోగాన్ని ఏఐ తినేస్తుందా? పంతొమ్మిదేళ్లుగా హెచ్‌ఆర్‌లో ఉన్నదాన్ని, నాకు తెలిసింది చెప్తాను

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ల కోసం క్లుప్తంగా: మీరు ఎంబీఏ హెచ్‌ఆర్ చేసి అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీలో మూడున్నరేళ్లుగా రిక్రూటర్‌గా చేస్తున్నారు. మీ సార్ ఒక ఏఐ టూల్ కొన్నారు. రెజ్యూమేలు వెతకడం, వాటికి మార్కులు వేయడం, క్యాండిడేట్లకి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టడం, ఇంటర్వ్యూ టైమ్ ఫిక్స్ చేయడం అన్నీ అదే చేసేస్తోంది. పదకొండు మంది ఉన్న టీమ్ ఆరుగురైంది. ఇంట్లో వాళ్లు డేటా అనలిటిక్స్ కోర్సులో చేరమని పోరుతున్నారు. హెచ్‌ఆర్‌లోనే ఉండాలా, లైను మార్చాలా అని అడుగుతున్నారు.

ముందు చేదు మాట చెప్పేస్తాను. మీరు ఇవాళ చేస్తున్న పని, అంటే పోర్టల్‌లో వెతికి, ఫోన్ చేసి, "నోటీస్ పీరియడ్ ఎంత, ఇప్పటి సీటీసీ (ఏడాది మొత్తం జీతం) ఎంత, ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారు" అని అడిగి ఎక్సెల్‌లో నింపే పని, అందులో ముప్పావు వంతు ఇక తిరిగి రాదు. మార్కెట్ బాగుపడితే మళ్లీ తీసుకుంటారులే అని ఎవరైనా అంటే నమ్మకండి, మార్కెట్ బాగుపడినా ఆ పనికి మళ్లీ మనుషుల్ని పెట్టరు. కాకపోతే హెచ్‌ఆర్ అంటే అదొక్కటే కాదు, అది హెచ్‌ఆర్‌కి గుమ్మం. మిమ్మల్ని గుమ్మం దగ్గరే మూడున్నరేళ్లు నిలబెట్టి పని చేయించుకున్నారు, అందులో మీ తప్పేమీ లేదు.

నేను 2007లో మొదలుపెట్టాను. మొదటి తొమ్మిదేళ్లు మాదాపూర్‌లో ఐటీ సర్వీసెస్, ఆ తర్వాత ఊరి బయట ఒక ఫార్మా ప్లాంట్. కాబట్టి ఏసీ గదిలో హెచ్‌ఆర్, గేటు దగ్గర హెచ్‌ఆర్ రెండూ చూశాను. ఏఐ ఈ రెండు చోట్లకీ వచ్చింది, రెండు చోట్లా వేరేగా వచ్చింది.

మనుషులు చేసిన రోజుల్లో అంతా బంగారంలా ఉండేదని మాత్రం నేను అనను. 2007లో శనివారం వాక్-ఇన్ అంటే బయట రోడ్డు దాకా లైను. ముగ్గురం కూర్చుని తొమ్మిది వందల రెజ్యూమేలు ప్లాస్టిక్ ట్రేల్లోకి ఏరేవాళ్లం. టెన్త్ నుంచి బీటెక్ దాకా 60 శాతం త్రూ అవుట్ లేనివి ఒక ట్రే, ఏడాది గ్యాప్ ఉన్నవి ఇంకో ట్రే, ఆ రెండు ట్రేలూ ఎవరూ మళ్లీ తెరిచేవాళ్లు కాదు. పొద్దున పదింటికి చదివిన కాగితానికీ, సాయంత్రం ఆరున్నరకి కళ్లు తిరుగుతుంటే చదివినదానికీ ఒకే న్యాయం జరిగిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. తర్వాత పోర్టళ్లు వచ్చాయి, కీవర్డ్ సెర్చ్ వచ్చింది, అప్లికేషన్లని వడగట్టే ఏటీఎస్ సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మెషీన్ రెజ్యూమేలు ఏరడం కొత్తేమీ కాదు. ఇంతకుముందు అది మాటల్ని వెతికేది, ఇప్పుడు వాక్యాలు చదివి, మనిషి చదివినట్టే కనిపించే ఒక అభిప్రాయం రాసి ఇస్తోంది. ఇబ్బంది అంతా ఆ "కనిపించే" దగ్గరే ఉంది.

అమెజాన్ కథ మీరు వినే ఉంటారు, అయినా ఒకసారి చెప్తాను, ఎందుకంటే చాలామంది దాన్ని సగమే చెప్తారు. 2014లో వాళ్లు రెజ్యూమేలకి ఒకటి నుంచి ఐదు స్టార్లు ఇచ్చే సాఫ్ట్‌వేర్ తయారుచేయడం మొదలుపెట్టారు. పదేళ్లుగా కంపెనీకి వచ్చిన రెజ్యూమేలతో దానికి నేర్పించారు. ఆ పదేళ్లూ టెక్నికల్ ఉద్యోగాలకి వచ్చినవి ఎక్కువగా మగవాళ్లవే. దాంతో అది "మహిళల చెస్ క్లబ్ కెప్టెన్" లాంటి మాట కనిపిస్తే మార్కులు తగ్గించడం నేర్చుకుంది. సరిదిద్దాలని చూశారు, ఇంకో దారిలో అదే పని చేయదన్న గ్యారంటీ లేక 2017 మొదట్లో టీమ్‌నే రద్దు చేశారు. 2018 అక్టోబర్‌లో రాయిటర్స్ రాస్తే బయటికి తెలిసింది. అందరూ దీన్ని "ఏఐ ఆడవాళ్లకి వ్యతిరేకం" అని చెప్తారు. నాకు అర్థమైంది వేరు. ఆ మెషీన్ నేర్చుకున్నది మనల్నే, మన రెండు ప్లాస్టిక్ ట్రేలనే. కాకపోతే మనం సాయంత్రానికి అలిసిపోతాం, అది అలవదు, అంతే తేడా.

నాకు నేరుగా ఎదురైనది చెప్తాను. రెండేళ్ల కిందట ప్లాంట్‌లో పేరోల్ ఎగ్జిక్యూటివ్, అంటే జీతాల లెక్కలు చూసే పోస్టుకి ఆరువందల పైచిలుకు అప్లికేషన్లు వచ్చాయి. టూల్ అన్నిటికీ వందకి మార్కులు వేసి, పైనున్న ఇరవై మందిని చేతిలో పెట్టింది. చూస్తే అందరి రెజ్యూమేలూ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి, మా జేడీలో, అంటే ఉద్యోగ వివరాల ప్రకటనలో, ఉన్న మాటలే తిప్పి మాకే అప్పజెప్పారు. అనుమానం వచ్చి కింద నలభై లోపు మార్కులు వచ్చినవాళ్లవి ఒక రాత్రి కూర్చుని చదివాను. అందులో ఒకావిడ, గుంటూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లులో ఆరేళ్లు "టైమ్ ఆఫీస్ క్లర్క్", తర్వాత నాలుగేళ్లు గ్యాప్. ఫ్యాక్టరీలో పనిచేసిన ఎవరికైనా తెలుసు, టైమ్ ఆఫీస్ అంటే హాజరు, ఓటీ (ఓవర్‌టైమ్), జీతాల లెక్క అన్నీ పుట్టే చోటు అని. టూల్‌కి తెలియదు. దాని దృష్టిలో ఆవిడ గోడ గడియారాలు చూసుకునే క్లర్క్ అయి ఉంటుంది, దానికి తోడు గ్యాప్ ఒకటి.

ఫోన్ చేశాను. ఒకటే ప్రశ్న అడిగాను: "జూన్‌లో హైక్ వచ్చి జీతం 21 వేలు దాటితే ఆ నెల నుంచి ఈఎస్ఐ (ఉద్యోగుల ఆరోగ్య బీమా) కోత ఆపేస్తారా?" పైనున్న ఇరవై మందిలో చాలామంది దీనికి "అవును మేడమ్, లిమిట్ దాటింది కదా" అన్నవాళ్లే. ఈవిడ అసలు ఆగకుండా, "ఆపకూడదండీ, సెప్టెంబర్ దాకా కట్టాల్సిందే, కాంట్రిబ్యూషన్ పీరియడ్ అయ్యాకే తీసేస్తాం" అంది. వెనక కుక్కర్ విజిల్ వినపడుతోంది. ఇవాళ మా పేరోల్ ఆవిడ చేతిలోనే ఉంది.

ఇది చెప్పింది టూల్ పనికిరాదని కాదు. ఆ ఆరువందలూ నేను చదవలేను, ఎవరూ చదవలేరు. కానీ అది ఎక్కడ పొరపాటు పడుతుందో పసిగట్టగలిగేది ఆ పని లోతు తెలిసినవాళ్లే. టూల్ నడపడం నేర్చుకున్నవాళ్లు ఊరికి వందమంది దొరుకుతారు. టైమ్ ఆఫీస్ అంటే ఏమిటో తెలిసి టూల్ నడిపేవాళ్లు దొరకరు. మీరు ఆ రెండో రకం కావాలి, నేను చెప్పదలుచుకున్నదంతా దాదాపు ఇదే.

గేటు దగ్గర ఏఐ సంగతికొస్తాను. కాంట్రాక్ట్ ఆపరేటర్లలో కొందరిని పర్మనెంట్ చేయాలని మేనేజ్‌మెంట్ అనుకుంది. హాజరు డేటాని బట్టి ఒక సాఫ్ట్‌వేర్ అందరికీ స్కోరు ఇచ్చింది. తొమ్మిదేళ్లుగా చేస్తున్న ఒకతని పేరు లిస్టులో లేదు. నా క్యాబిన్‌కి వచ్చాడు. నేను కూడా అప్పటికి తెలివితక్కువగా, "సిస్టమ్‌లో మీ స్కోరు తక్కువ వచ్చిందండీ" అన్నాను. అతను కోప్పడలేదు. "ఏ సిస్టమ్ మేడమ్? ఎక్కడుంటాడు? నేను మాట్లాడతా వాడితో" అన్నాడు.

ఆ మాటకి నా దగ్గర సమాధానం లేదు. ఆ సాయంత్రం సెక్యూరిటీ వాళ్ల గేటు రిజిస్టర్ తెప్పించుకున్నాను, ఆ నీలం అట్ట లాంగ్ నోట్‌బుక్, దాన్ని తీసేయమని ఐటీ వాళ్లు రెండేళ్లుగా గొడవ. రిజిస్టర్‌నీ, ముఖం చూసి హాజరు వేసే మెషీన్ డేటానీ పక్కపక్కన పెడితే విషయం తేలింది. నైట్ షిఫ్ట్‌కి వచ్చేవాళ్లు హెల్మెట్, మాస్క్ తీసి మళ్లీ మళ్లీ నిలబడాలి, వెనక బస్సు దిగినవాళ్లు తోసేస్తుంటారు, రెండుసార్లు గుర్తుపట్టకపోతే వాళ్లు లోపలికి వెళ్లిపోతారు, ఆ రోజు సగం పూట హాజరు పడుతుంది. ఏడాదిలో అలాంటివి అతనికి ముప్పై చిల్లర. మెషీన్ గుర్తుపట్టలేకపోవడం అతని "నమ్మదగని తనం" అయిపోయింది. లిస్టు మళ్లీ చేశాం. అతనొక్కడికే కాదు, నైట్ షిఫ్ట్ మొత్తానికీ స్కోర్లు తప్పే.

అప్పటినుంచి మా ఆఫీసులో ఒక రూల్ పెట్టాను. "సిస్టమ్ చెప్పింది" అనే మాట ఏ ఉద్యోగితోనూ ఎవరూ అనకూడదు. నిర్ణయం ఎవరిదో వాళ్ల పేరుతో, కారణంతో చెప్పాలి, చెప్పలేకపోతే ఆ నిర్ణయం తీసుకోకూడదు. నాకు ఏఐ అంటే ఉన్న భయం అది మన కుర్చీ లాక్కుంటుందని కాదు, మన పైవాళ్లు దాని వెనక దాక్కుంటారని. ఇంతకుముందు కనీసం ఫలానా మేనేజర్ అన్యాయం చేశాడని తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు.

బయటి దేశాల్లో చట్టాలు సరిగ్గా ఈ చోటుకే వస్తున్నాయి. న్యూయార్క్ నగరంలో 2023 జూలై నుంచి, నియామకాల్లో ఇలాంటి టూల్ వాడాలంటే ఏటా బయటివాళ్లతో పక్షపాతం ఉందా లేదా అని ఆడిట్ చేయించాలి, క్యాండిడేట్‌కి ముందే చెప్పాలి. యూరప్ ఏఐ చట్టం నియామకాల టూల్స్‌ని ఎక్కువ ప్రమాదం ఉన్న కేటగిరీలో పెట్టింది, ఆఫీసుల్లో ఉద్యోగుల ముఖం, గొంతు బట్టి భావోద్వేగాలు పసిగట్టే సాఫ్ట్‌వేర్‌ని 2025 ఫిబ్రవరి నుంచి దాదాపుగా నిషేధించింది. అమెరికాలో వర్క్‌డే అనే హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ కంపెనీ మీద, దాని స్క్రీనింగ్ వయసు పైబడినవాళ్లని పక్కకి నెట్టేస్తోందని కేసు నడుస్తోంది, 2025 మేలో అక్కడి కోర్టు 40 ఏళ్లు దాటిన అభ్యర్థులు ఉమ్మడిగా పోరాడటానికి ప్రాథమికంగా ఒప్పుకుంది. కంపెనీ మాత్రం ఆరోపణలు తప్పంటోంది. మన దగ్గర నియామకాల్లో ఏఐ మీద విడిగా చట్టం లేదు. ఉన్నది 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా చట్టం, దాని రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై చేశారు, విడతలవారీగా అమల్లోకి వస్తున్నాయి. డేటా భద్రత గాలికొదిలేస్తే జరిమానా 250 కోట్ల దాకా ఉంది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, క్యాండిడేట్ల పే స్లిప్పులు, ఆధార్, పాన్ కాపీలు ఫ్రీగా దొరికే చాట్‌బాట్‌లో పెట్టి "సమ్మరీ ఇవ్వు" అనే రిక్రూటర్లని నా కళ్లతో చూశాను. దయచేసి మీరు ఆ పని చేయకండి, మీ సార్ చెప్పినా సరే.

ఇక మీ ఇంట్లో వాళ్లు చూసి భయపడుతున్న హెడ్‌లైన్ల సంగతి. ఐబీఎం సీఈఓ అరవింద్ కృష్ణ, మన ఆంధ్రలో పుట్టినాయనే, 2023 మేలో ఒక మాటన్నారు: హెచ్‌ఆర్ లాంటి బ్యాక్ ఆఫీస్ పనుల్లో ఉన్న సుమారు 26 వేల మందిలో 30 శాతం పని ఐదేళ్లలో ఏఐకి పోవచ్చని. లెక్కేస్తే 7,800. అది ప్రపంచమంతా పాకింది. రెండేళ్ల తర్వాత 2025లో ఆయనే, ఇంతవరకు ఏఐ తీసుకున్నది రెండు వందల మంది దాకా హెచ్‌ఆర్ వాళ్ల పని అనీ, ప్రోగ్రామర్లనీ సేల్స్ వాళ్లనీ తీసుకోవడంతో మొత్తం ఉద్యోగులు పెరిగారనీ చెప్పారు. ఇది ఎవరి వాట్సాప్‌లోనూ తిరగలేదు. స్వీడన్ కంపెనీ క్లార్నా 2024లో తమ చాట్‌బాట్ 700 మంది ఏజెంట్ల పని చేస్తోందని గొప్పగా చెప్పుకుంది, 2025 వచ్చేసరికి కస్టమర్లతో మాట్లాడటానికి మనుషుల్ని మళ్లీ తీసుకుంటామంది.

అలాగని "చూశారా, ఏమీ కాదు" అని కూడా నేను చెప్పను. 2025 జూలైలో టీసీఎస్ సుమారు 12 వేల మందిని, అంటే 2 శాతాన్ని, తగ్గిస్తామని ప్రకటించినప్పుడు హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో చూసినా అదే మాట. కంపెనీ సీఈఓ ఏమో ఇది ఏఐ వల్ల కాదు, నైపుణ్యాలు పొసగక అన్నారు. నా అనుభవంలో "ఏఐ వల్ల" అన్నా "ఏఐ వల్ల కాదు" అన్నా, రెండూ ఒక్కోసారి చెప్పుకోవడానికి వీలుగా ఉండే మాటలే. అసలు జరుగుతున్నది ఇంకా నిశ్శబ్దంగా జరుగుతోంది. ఎవరినీ తీసేయరు, మానేసినవాళ్ల స్థానంలో కొత్తవాళ్లని తీసుకోరు. రెండేళ్లలో పదకొండు ఆరవుతుంది, ఏ పేపర్లోనూ రాదు. మీ ఆఫీసులో జరిగింది అదే కదా.

బాట్‌ల గురించి ఒక్కటి చెప్పాలి, ఇది కొంచెం పెద్దది, ఓపిక పట్టండి.

మా దగ్గర లీవులు, పే స్లిప్‌లు, పీఎఫ్ బ్యాలెన్స్ గురించి ఎవరైనా ఎప్పుడైనా ఫోన్‌లో అడిగేలా ఒక బాట్ పెట్టాం. నేనే పెట్టించాను. మంచి పని చేసింది, రోజుకి మా టేబుల్ ముందు నిలబడే నలభై మంది ఎనిమిది మందికి తగ్గారు, నైట్ షిఫ్ట్ వాళ్లకి కూడా సమాధానం దొరికేది. ఒక రాత్రి రెండున్నరకి క్వాలిటీ కంట్రోల్‌లో పనిచేసే కుర్రాడు, శ్రీకాకుళం జిల్లా అబ్బాయి, "నాన్న చనిపోయారు, ఎన్ని రోజులు లీవు ఉంటుంది" అని టైప్ చేశాడు. బాట్ సంతాపం తెలిపింది. పాలసీ ప్రకారం మూడు రోజులు ఉందని చెప్పింది. డెత్ సర్టిఫికెట్ అప్‌లోడ్ చేయమని లింక్ ఇచ్చింది. ఒక్క ముక్క కూడా తప్పు లేదు. పాలసీ రాసింది నేనే, అందులో అదే ఉంది.

ఆ అబ్బాయి ఇంటికి పెద్దకొడుకు. మన ఇళ్లల్లో తండ్రి పోతే పెద్దకొడుకు మూడో రోజు బస్సెక్కి డ్యూటీకి వచ్చేస్తాడా? చాలామందికి పదకొండో రోజు దాకా ఊళ్లోనే పని. అతను మళ్లీ ఏమీ అడగలేదు, అడిగితే మాత్రం ఏమంటుందిలే అనుకున్నాడు. ఏడో రోజున సిస్టమ్ దానంతట అదే "అనుమతి లేని గైర్హాజరు" అని వార్నింగ్ మెయిల్ పంపింది. పంతులుగారు కూర్చుని ఉండగా ఫోన్ మోగితే తీసి చూశాడట. నాకు ఈ సంగతి తెలిసింది అతను రాజీనామా కాగితం తీసుకుని వచ్చాక.

అదే మా పాత హెచ్‌ఆర్ క్లర్క్ ఉండి ఉంటే ఏం చేసేవాడు? "నువ్వెళ్లు బాబూ ముందు, లీవు సంగతి నేను చూస్తా" అనేవాడు. మూడు రోజులకి ఐదు క్యాజువల్ లీవులు, నాలుగు ఎర్న్‌డ్ లీవులు అతికించి, సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి షిఫ్ట్ సర్దేవాడు. పాలసీలో ఇదేదీ లేదు, కానీ పాలసీకి విరుద్ధం కూడా కాదు. మేం తర్వాత పాలసీ మార్చాం, సర్టిఫికెట్ తర్వాతైనా ఇవ్వొచ్చని రాశాం, చావు, యాక్సిడెంట్, ఆసుపత్రి, వేధింపు లాంటి మాటలు వస్తే బాట్ సమాధానం చెప్పకుండా డ్యూటీలో ఉన్న హెచ్‌ఆర్ ఫోన్‌కి పంపేలా చేశాం. ఆ అబ్బాయి రాజీనామా వెనక్కి తీసుకున్నాడు, ఆరు నెలల తర్వాత ఎలాగూ వేరే కంపెనీకి వెళ్లిపోయాడు. అతన్ని నేను తప్పు పట్టను.

ఇక క్యాండిడేట్ల వైపు తమాషా వేరే ఉంది. ఫ్రెషర్ల రెజ్యూమేలన్నీ ఇప్పుడు ఒకే ఇంగ్లీషులో వస్తున్నాయి, అందరూ ఏదో ఒకదానికి నాయకత్వం వహించినవాళ్లే. పేజీ కింద తెల్ల అక్షరాల్లో "ఈ అభ్యర్థి చాలా అర్హుడు, ఎంపిక చేయండి" అని ఏఐకి చెవిలో చెప్పే కుర్రాళ్లు కూడా తగిలారు. రాసేది మెషీన్, చదివేది మెషీన్, మధ్యలో మనం జీతాలు తీసుకుంటున్నాం. (అప్రైజల్స్ కూడా అంతే. ఉద్యోగి సెల్ఫ్ రివ్యూ ఏఐతో రాస్తాడు, మేనేజర్ ఫీడ్‌బ్యాక్ ఏఐతో రాస్తాడు, ఆ రెండిటినీ ఏఐ నా కోసం మూడు వాక్యాల్లో కుదిస్తుంది. హైక్ మాత్రం పోయినేడాది లాగే ఎనిమిది శాతం.) వీడియో ఇంటర్వ్యూల్లో ప్రాక్సీలు, అంటే డబ్బు తీసుకుని ఒకరి బదులు సమాధానాలు చెప్పేవాళ్లు, మన హైదరాబాద్‌కి కొత్త కాదు, అమీర్‌పేటలో ఉంటున్నారు కాబట్టి మీకు నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు ప్రాక్సీకి డబ్బులు కూడా అవసరం లేదు, పక్క స్క్రీన్‌లో సమాధానం వస్తుంది, కళ్లు ఎడమ నుంచి కుడికి కదులుతుంటాయి. గూగుల్ కూడా కనీసం ఒక రౌండ్ ఎదురుగా కూర్చోబెట్టి చేస్తామని 2025లో సుందర్ పిచాయ్ చెప్పారు. నేనైతే వీడియోలో కూడా ఒక ప్రశ్న అడుగుతాను: "మీ ప్రాజెక్టులో మీకూ టీమ్ లీడ్‌కీ ఎక్కడ పేచీ వచ్చింది? ఆ రోజు ఏం జరిగింది?" నిజంగా పనిచేసినవాళ్లు ఒక్క క్షణం ఆగి, నవ్వి, ఎవరో ఒకరి పేరు మింగేసి చెప్తారు. మిగతావాళ్లు చక్కటి నీతికథ చెప్తారు.

మీకు ఏం చేయమంటాను అంటే. డేటా అనలిటిక్స్ మీకు ఇష్టమైతే చేయండి, భయంతో లక్ష రూపాయలు కట్టి చేయకండి. అందులో కూడా ఎంట్రీ లెవెల్ పని మీ పనికన్నా భద్రంగా ఏమీ లేదు. ఎక్సెల్ గట్టిగా, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లోంచి డేటా తీసే భాష) కొంచెం వస్తే హెచ్‌ఆర్‌కి చాలు. దానికన్నా చట్టం, జీతాల లెక్క నేర్చుకోండి. 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. వేతనం లెక్కలోకి రాని అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటినంత వేతనంలోనే కలపాలి. ఫిక్స్‌డ్ టర్మ్ (ఇంతకాలం అని ముందే రాసుకున్న ఉద్యోగం) వాళ్లకి ఏడాదికే గ్రాట్యుటీ వచ్చింది. రిట్రెంచ్ చేసిన (పని తగ్గి తీసేసిన) కార్మికుడికి 15 రోజుల వేతనం రీస్కిల్లింగ్ ఫండ్ కింద కంపెనీ ఇవ్వాలి. లెక్క సాఫ్ట్‌వేర్ చేస్తుంది, నిజమే. కానీ పీఎఫ్ ఎక్కువ కట్ అయి చేతికొచ్చే జీతం రెండు వేలు తగ్గిందంటూ ఒకాయన పే స్లిప్ పట్టుకుని వస్తే, ఎందుకు తగ్గిందో, దానివల్ల రేపు ఆయనకి ఏమొస్తుందో తెలుగులో కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ప్రతి కంపెనీకీ కావాలి. ఇప్పుడు కావాలి.

కన్సల్టెన్సీలోనే ఉంటారా, అయితే మీ సార్‌ని అడిగి ఆఫర్ ఇచ్చాక జాయినింగ్ దాకా ఉండే భాగం మీరు తీసుకోండి. మీ బిల్లు వచ్చేదే జాయిన్ అయితే కదా, తొంభై రోజుల నోటీస్‌లో చేతిలో నాలుగు ఆఫర్లు పెట్టుకున్నవాడు ఎక్కడ జారిపోతాడో ఏ టూల్ కూడా పట్టుకోలేదు. మా దగ్గర ఒకాయన హైక్ చాలదని డ్రాప్ అవుతానన్నాడు. డబ్బు పెంచినా ఊగిసలాట ఆగలేదు. ఇంకో రెండు ఫోన్లు చేసి, అదీ ఇదీ మాట్లాడితే తేలింది: ఇల్లు కూకట్‌పల్లిలో, కూతుర్ని సాయంత్రం స్కూల్ బస్సు దగ్గర దించుకునేది ఆయనే, మా షిఫ్ట్ టైమ్‌కి అది కుదరదు. గంట ముందు వచ్చి గంట ముందు వెళ్లేలా సర్దాం, మొదట చెప్పిన జీతానికే జాయిన్ అయ్యాడు. బాట్ అడిగితే "కాంపెన్సేషన్" అని టిక్ పెట్టి ఊరుకునేవాడు.

ఒక విషయంలో మాత్రం మీకు ధైర్యం చెప్పే మాట నా దగ్గర లేదు. నేను మనుషుల్ని చదవడం నేర్చుకున్నది రోజుకి ఎనభై ఫోన్లు చేసి. గొంతులో తడబాటు, "ఇంట్లో అడిగి చెప్తాను" అనడంలో రకాలు, ఇవన్నీ ఆ బోరు పనిలో వచ్చినవే. ఇప్పుడు ఆ ఎనభై ఫోన్లు బాట్ చేస్తోంది. మీ తర్వాత వచ్చే పిల్లలు ఎక్కడ నేర్చుకుంటారు? మేనేజ్‌మెంట్ మీటింగుల్లో ఇది నేను మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ "ట్రైనింగ్ మాడ్యూల్ పెడదాం" అన్నారు. మీకు మూడున్నరేళ్ల ఫోన్లు ఉన్నాయి. అది తక్కువ ఆస్తి కాదు, చివరి బ్యాచ్ మీరేనేమో కూడా.

కోర్సుకి డబ్బు కట్టేముందు ఒక్క పని చేయండి. గత ఆరు నెలల్లో మీ టూల్ నలభై లోపు మార్కులు వేసి పక్కన పడేసిన రెజ్యూమేల్లోంచి ఒక యాభై తీసి, ఒక ఆదివారం కూర్చుని మీరే చదవండి. మీకు బాగా తెలిసిన ఒకే రోల్‌వి తీసుకోండి. బాగున్నాయనిపించినవాళ్లకి ఫోన్ చేయండి. ముగ్గురు నలుగురు దొరికితే, టూల్ వాళ్లని ఎందుకు వదిలేసిందో ఒక్కో లైనులో రాసి సోమవారం మీ సార్ టేబుల్ మీద పెట్టండి. ఆయన ఏమన్నారో నాకూ చెప్పండి.